కొత్తగా వచ్చిన టేకు చేపకు మందు వేసే ముందు

(విశాఖపట్నంలో జరిగిన అక్వేరియం పెంపకందార్ల సమావేశంలో చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నోత్తరాలు. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ఆహ్వాన పత్రంలో నా అంశం "మంచినీటి టేకు చేపలు: జబ్బులు, మందులు" అని వేశారు. జబ్బుల గురించి తీరిగ్గానే మాట్లాడతాను. మందుల గురించి మాత్రం తక్కువ చెబుతాను. పేర్లు రాసుకుందామని కలం, కాగితం పట్టుకొచ్చిన వాళ్లు కొంత నిరాశపడక తప్పదు. ఈ ఊళ్లో నేను చూసిన టేకు చేపల చావుల్లో ఎక్కువ భాగం జబ్బుతో జరిగినవి కావు. ఇంటికి తెచ్చిన మొదటి వారంలో యజమాని పడ్డ కంగారుతో జరిగినవి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

విశాఖలో టేకు చేప, అంటే పళ్లెంలా చదునుగా ఉండి తోక మీద ముల్లున్న స్టింగ్ రే, అనగానే ఫిషింగ్ హార్బరులో వేలానికి వచ్చే సముద్రపు చేప గుర్తొస్తుంది. మీ ఇళ్లలో ఉన్నది దాని దూరపు బంధువు. అమెజాన్, ఒరినోకో, పరానా లాంటి దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన పొటమోట్రైగన్ జాతులవి. ఒంటి నిండా కన్నుల్లాంటి మచ్చలున్నది మొటోరో. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్నది లియోపోల్డీ. అది సహజంగా బ్రెజిల్‌లోని షింగూ నదీ పరీవాహకంలోనే ఉంటుంది. ఈ చేపల పూర్వీకులు సముద్రం నుంచే వచ్చాయి. ఆ సంగతి ఎవరో చెబితే విని, తొట్టెలో కల్లుప్పు గుప్పిళ్లతో వేసే వాళ్లున్నారు. బీచ్ నుంచి బకెట్టుతో నీళ్లు మోసుకొచ్చి పోసిన మహానుభావులూ ఉన్నారు.

అక్కడే పొరపాటు మొదలవుతుంది. సముద్రపు టేకు చేప తన రక్తంలో యూరియాను నిలవ ఉంచుకుని, ఒంట్లోని నీరు ఉప్పునీటిలోకి పోకుండా కాపాడుకుంటుంది. నదుల్లో స్థిరపడ్డ ఈ జాతులు లక్షల ఏళ్లలో ఆ గుణాన్ని పోగొట్టుకున్నాయి. వీటి రక్తంలో యూరియా చాలా తక్కువని థార్సన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1967లోనే ప్రకటించారు. నీటిలో ఉప్పును పెంచినా యూరియా చేరదని థార్సన్ 1970లో చూపించారు. ఉప్పును బయటికి పంపే గ్రంథి కూడా వీటిలో కుదించుకుపోయింది. కాబట్టి ఉప్పు వీటికి పుట్టింటి సారె కాదు. పనికొచ్చే సందర్భం ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

ఇక ప్రయాణం సంగతి. మన దుకాణాలకు రంగు చేపలు ఎక్కువగా కోల్‌కతా నుంచి, చెన్నై కొళత్తూరు నుంచి వస్తాయి. ఒక రాత్రంతా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు, చేప చీకట్లో, కొద్దిపాటి నీళ్లలో, ఆక్సిజన్ నింపిన సంచిలో ఉంటుంది. ఆ సంచిలో ఏమి జరుగుతుందో తెలిస్తే, తెచ్చిన రోజు ఏమి చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చేప శ్వాస వదిలిన కొద్దీ సంచి నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దానితో పీహెచ్ పడిపోతుంది, అంటే నీరు ఆమ్లంగా మారుతుంది. అదే సమయంలో మొప్పల నుంచి అమ్మోనియా విడుదలవుతూ ఉంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు ఆ అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో, అంతగా హాని చేయకుండా పడి ఉంటుంది. ఇప్పుడు మీరు ఇంటికొచ్చి ముడి విప్పారు. గోలీ సోడా కొట్టగానే బుసబుసమని గ్యాసు పోయినట్టు, నీటిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పీహెచ్ పైకి లేస్తుంది. అప్పటిదాకా ఊరకున్న అమ్మోనియా విషమవుతుంది. 28 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర, మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. అదే నీరు పీహెచ్ 8కి చేరితే నూటికి ఆరేడు వంతులు. సంచిలో అమ్మోనియా కొత్తగా చేరలేదు, విషం మాత్రం తొమ్మిది రెట్లయింది.

మరి మనవాళ్లు ఏమి చేస్తారు? సంచి విప్పి, సన్నని గొట్టంతో తొట్టెలోని నీటిని చుక్కచుక్కగా అందులోకి వదులుతూ రెండు మూడు గంటలు కూర్చుంటారు. పక్కనే గాలి బుడగలు వదిలే రాయి కూడా పెడతారు. చేపను కొత్త నీటికి అలవాటు చేస్తున్నామని వాళ్ల నమ్మకం. దగ్గర్లోని చెరువు నుంచి అప్పుడే పట్టి తెచ్చిన చేపకు అది పనికొస్తుందేమో. రాత్రంతా సంచిలో ఉన్నదానికి మాత్రం, దాని అమ్మోనియాలోనే దాన్ని నానబెట్టడం అవుతుంది.

నేను చెప్పే పద్ధతి ఇది. చేప బయలుదేరే ముందే దుకాణదారుకు ఫోను చేసి వాళ్ల తొట్టెలో పీహెచ్, వేడి, ఉప్పు ఎంత ఉన్నాయో అడగండి. మీ తొట్టె నీటిని వీలైనంతవరకు దానికి దగ్గరగా తెచ్చి ఉంచండి. సంచి రాగానే గదిలో దీపాలు తగ్గించి, ముడి విప్పకుండానే పావుగంట, ఇరవై నిమిషాలు తొట్టెలో తేలనివ్వండి. వేడి సమానమయ్యాక ముడి విప్పి, ఆలస్యం చేయకుండా చేపను తొట్టెలోకి జార్చండి. సంచి నీరు ఒక్క గ్లాసు కూడా తొట్టెలో పడకూడదు. చేతికి దగ్గరలో ముల్లు ఉంటుంది కాబట్టి నెమ్మదిగా చేయండి.

ఆ తర్వాత ఏమిటి? ఏమీ లేదు. దీపం వెలిగించకండి. తొట్టె పక్కలకు కాగితమో గుడ్డో కట్టండి. చుట్టాలను పిలిచి చూపించడం వారం తర్వాత పెట్టుకోండి. అద్దం మీద పిల్లల చేత తట్టించకండి. ఆ రోజు మేత వద్దు.

ఒత్తిడిని కొలవడానికి మనుషుల్లో కార్టిసాల్ పరీక్ష ఉంది. షార్కుల్లో, టేకు చేపల్లో ఆ పని చేసేది మరో హార్మోను. దాన్ని కొలిచే కిట్టు ఏ అక్వేరియం దుకాణంలోనూ దొరకదు. కాబట్టి మనకు మిగిలింది కళ్లు, గడియారం. ఈ చేప కళ్ల వెనక రెండు రంధ్రాలుంటాయి. అడుగున ఇసుక మీద పడుకుని ఉన్నప్పుడు నీటిని నోటితో కాకుండా ఆ రంధ్రాలతో లోపలికి లాక్కుని, కడుపు వైపున్న అయిదు జతల మొప్ప చీలికల్లోంచి వదులుతుంది. కదలకుండా ఉన్నప్పుడు ఆ రంధ్రాలు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుని మూసుకుంటున్నాయో లెక్కపెట్టండి. పొద్దున, రాత్రి, నీటి వేడితో సహా ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎంత ఉండాలని నన్ను అంకె అడగకండి. వయసును బట్టి, వేడిని బట్టి మారిపోతుంది. పోల్చవలసింది నిన్నటి లెక్కతోనే. వచ్చిన రోజు ఎక్కువగా ఉండి, రోజురోజుకూ తగ్గుతూ ఒక చోట నిలబడితే చేప కుదుటపడుతోందని అర్థం. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగితే ముందు నీటిని పరీక్షించే టెస్టు కిట్టు తీయండి, మందుల డబ్బా కాదు.

మిగిలిన గుర్తులు కూడా చెబుతాను. ఒంటి అంచులు పైకి చుట్టుకుపోవడం అన్నిటికంటే చెడ్డది. అది కనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగడానికి లేదు. తోక మొదట్లో రెండు వైపులా నడుము ఎముకలు పొడుచుకు వచ్చి కనిపిస్తే, చేప చాలా రోజులుగా తినలేదని లెక్క. కొనేటప్పుడే అక్కడ చూడండి. అవి బాగా బయటపడిన పిల్ల చేపను జాలితో కొనకండి. అలాంటివి తిరిగి కోలుకోవడం చాలా కష్టం. ఒంటి మీద తెల్లగా, పొరలు పొరలుగా జిగురు లేస్తుంటే నీరు పడలేదని అనుమానించాలి. అద్దం వెంట పైకి కిందికి ఆగకుండా పాకడం ఆకలి కావచ్చు, నీటి దోషమూ కావచ్చు. కిట్టు చెబుతుంది.

కిట్టులో ముందు చూడవలసినవి అమ్మోనియా, ఫిల్టరులో అది మారగా వచ్చే నైట్రైటు. రెండూ సున్నా ఉండాలి. కొంచెమే కదా అనే మాట ఈ చేప దగ్గర చెల్లదు. మాంసాహారి, తిండి ఎక్కువ, తిన్నదాని వ్యర్థాన్ని ఎక్కువగా అమ్మోనియాగానే వదులుతుంది. ఫిల్టరులో అమ్మోనియాను తినే బాక్టీరియా పూర్తిగా కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. తొట్టె, చేప ఒకే రోజు కొన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టెలోంచి ఎవరినైనా బతిమాలి స్పాంజి తెచ్చుకోండి. అమ్మోనియా కనిపిస్తే అదే వేడి, అదే పీహెచ్ ఉన్న నీటితో సగం నీరు మార్చండి. అవసరమైతే రోజూ మార్చండి. నైట్రైటు కనిపిస్తే, ఇందాక నేను దాటేసిన ఉప్పు ఇక్కడ పనికొస్తుంది. నైట్రైటు మొప్పల్లోకి క్లోరైడు వెళ్లే దారిలోనే దూరుతుంది. లోపలికి వెళ్లి రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. ఉప్పు వేసి నీటిలో క్లోరైడు పెంచితే నైట్రైటుకు దారి దొరకదు. అయోడిన్ కలపని ఉప్పు లీటరుకు ఒక గ్రాము, విడిగా కరిగించి, కొద్దికొద్దిగా పోయండి. నైట్రైటు సున్నా అయ్యాక నీటి మార్పులతో ఆ ఉప్పును కూడా తీసేయండి.

మన ఊరి నీటి గురించి ఒక మాట. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి జలాశయాల నీరు క్లోరిన్ కలిసి కుళాయికి వస్తుంది. నేరుగా పోస్తే మొప్పలు కాలిపోతాయి. క్లోరిన్‌ను విరిచే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయండి, పూర్తిగా కలిశాకే వాడండి. సముద్రానికి దగ్గరి వీధుల్లో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. మిగతా బోరు నీటిని కూడా ఒక రాత్రి గాలి కొట్టించి, మర్నాడు పీహెచ్ చూసి వాడండి. అప్పుడే తోడిన నీటిలో చూసిన పీహెచ్‌ను నమ్మవద్దు.

వేసవిలో మరో చిక్కు. వీటికి 26 నుంచి 28 డిగ్రీలు హాయి. మే నెలలో మన ఇళ్లలో తొట్టె నీరు 32 దాకా పోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 32 దగ్గర 7.3 మాత్రమే పట్టుకుంటుంది. అదే సమయానికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. నీటి మీదికి ఫ్యాను తిప్పితే చల్లబడుతుందని ఎక్కడో విని ఉంటారు. అనంతపురంలో బాగానే పనిచేస్తుంది. ఇక్కడి గాలిలో తేమకు నీరు అంత ఆవిరి కాదు కాబట్టి చల్లదనం కూడా అంతంత మాత్రమే. ఐస్ సీసాలు వేస్తే వేడి పడుతూ లేస్తూ ఉంటుంది, చేపకు అది ఇంకో బాధ. ఇంట్లో ఏసీ ఉన్న గది ఉంటే తొట్టె అక్కడ పెట్టండి. ఇంట్లోవాళ్లను ఒప్పించే బాధ్యత నాది కాదు.

ఇక మందులు. మన రాష్ట్రంలో ఆక్వా మందుల దుకాణాలకు కొదవ లేదు. చేప పేను చావడానికి చెరువుల్లో వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి ఎవరడిగినా ఇస్తారు. ఎకరాల చెరువు కోసం లెక్కగట్టిన మందును మూడు వందల లీటర్ల తొట్టెలో చుక్కలతో కొలవడం సాహసం కాదు, హత్య. వీటితోపాటు రాగి కలిసిన మందులు, ఫార్మలిన్, మలకైట్ గ్రీన్, ఆర్గానోఫాస్ఫేట్లు పొలుసులు లేని ఈ చేప దగ్గరికి రానివ్వకండి. మామూలు చేపల తెల్లమచ్చ మందుల్లో ఇవే ఉంటాయి. సీసా వెనక చదవండి.

ఎంవీపీ కాలనీలో ఒక ఇంటికి నన్ను పిలిచారు. చేప వచ్చిన సాయంత్రం ఉప్పు వేశారు. మర్నాడు అది తినలేదని మెథిలీన్ బ్లూ పోశారు. ఆ తర్వాత కడుపు ఎర్రబడిందని యాంటీబయాటిక్ వేశారు. నేను వెళ్లేసరికి తొట్టె సిరా బుడ్డిలా నీలంగా ఉంది. కిట్టులో అమ్మోనియా రంగు చివరి గడికి వెళ్లింది. జరిగింది ఏమిటంటే, మెథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్ కలిసి ఫిల్టరులోని బాక్టీరియాను చంపేశాయి. ఆ ఎరుపు ఇన్ఫెక్షన్ కాదు, అమ్మోనియా మంట. ఒక్కో మందూ తర్వాతి మందుకు కారణాన్ని తయారు చేసింది. నేను చేసిన పని నీరు మార్చడం, పక్కింటి తొట్టె నుంచి స్పాంజి తెచ్చి పెట్టడం, మూడు రోజులు మేత ఆపడం. ఆ చేప బతికింది. ఇప్పుడది భోజనం పళ్లెం కంటే పెద్దది.

పరాన్నజీవులు ఉండవని నేను అనడం లేదు. నదిలో పట్టి తెచ్చిన చేపల్లో అవి మామూలే. చేప పేను కంటికి కనిపిస్తుంది. తడి గుడ్డ మీద ఉంచి, ఒకరు తోకను అదుపులో పెడితే మరొకరు చిమటాతో తీసేయవచ్చు. మొప్పల్లో, చర్మం మీద ఉండే సన్న పురుగులకు, కడుపులోని బద్దె పురుగులకు వేసే ప్రాజిక్వాంటెల్ అనే మందును ఇవి బాగానే తట్టుకుంటాయి. కానీ చర్మపు జిగురును సూక్ష్మదర్శిని కింద చూసి, పురుగు ఉందని తేలాకే వేయాలి. చేపల సంగతి తెలిసిన పశువైద్యుడు దొరికితే ఆయన మాట వినండి, నా మాట పక్కన పెట్టండి.

మేత విషయం త్వరగా చెప్పేస్తాను. రెండో రోజు సాయంత్రం, దీపం తగ్గించి, పురుగుమందు తగలని నేలలోంచి తీసిన వానపాము ఒకటి కడిగి వేయండి. మొండికేసిన చేప కూడా దానికి లొంగుతుంది. తర్వాత పెంకు ఒలిచిన రొయ్య ముక్కలు. మన ఊళ్లో రొయ్యకు కరువా? బతికున్న గోల్డ్ ఫిష్‌ను వేయకండి: పరాన్నజీవులు వస్తాయి, పైగా వాటిలోని థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది. మురుగు కాలవల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులూ వద్దు. తినకుండా వదిలింది గంటలో తీసేయాలి. కోలుకుంటున్న పిల్ల చేపకు రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి.

ఇక ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: మాస్టారూ, కొత్త చేపను ముందు విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టెలో ఇసుక వేయాలా, వట్టి అద్దమే ఉంచాలా?)

వట్టి అద్దమైతే శుభ్రం చేయడం సులువు, చేప విసర్జన కూడా కనిపిస్తుంది. అందుకే పుస్తకాలు ఎక్కువగా అదే చెబుతాయి. నా ఓటు మాత్రం సన్నని ఇసుకకే, రెండు వేళ్ల మందం. ఈ చేప భయపడితే ఇసుకలో దాక్కుంటుంది. దాక్కోనివ్వకుండా ఒత్తిడి తగ్గించాలనుకోవడం నాకు అర్థం కాదు. గరుకు కంకర మాత్రం వద్దు, కడుపు గీరుకుపోతుంది. హీటరు ఉంటే దానికి జాలీ తొడగండి; వీటికి దాని మీదే పడుకుని కాల్చుకునే అలవాటుంది.

(ప్రశ్న: కరెంటు పోతే ఎంతసేపు ఆగవచ్చు సార్?)

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తర్వాత ఈ ఊరు ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీకు తెలుసు. గంటలు లెక్కపెట్టుకునే బదులు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొని ఉంచండి. మేత ఆపేయండి. మూతబిగించిన క్యానిస్టర్ ఫిల్టరు చాలా గంటలు ఆగిపోతే లోపలి బాక్టీరియా ఊపిరాడక చచ్చి కుళ్లుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేశారంటే ఆ కుళ్లు నీరంతా తొట్టెలోకి వస్తుంది. ముందు విప్పి, ఆ నీరు పారబోసి, స్పాంజిని తొట్టె నీటితోనే జాడించి అప్పుడు నడపండి.

(ప్రశ్న: ముల్లు కత్తిరించి పెంచుకోవచ్చు కదా మాస్టారూ?)

వద్దమ్మా. అది మళ్లీ పెరుగుతుంది. ఈలోగా ఆ గాయంలో చీము పడుతుంది. ఇప్పటికే నీరసంగా ఉన్న చేపకు మనం చేతులారా ఇంకో రోగం తెచ్చినట్టు. మీకే గుచ్చుకుంటే, భరించగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, గుచ్చుకున్న చోటును ముంచండి. నీటి వేడిని గుచ్చుకోని చేత్తో చూడాలి, ఎందుకంటే నొప్పిలో వేడి తెలియదు. అరగంట నుంచి గంటన్నర. నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. లోపల ముక్క విరిగి ఉండవచ్చు, టెటనస్ టీకా అవసరం పడవచ్చు, మంచినీటి టేకు గాయం చుట్టూ కండ చచ్చిపోయే ప్రమాదమూ ఉంది.

(ప్రశ్న: పెద్దదై తొట్టె చాలకపోతే మేఘాద్రిగెడ్డలో వదిలితే బతుకుతుందా?)

బతకవచ్చు, అందుకే వదలకూడదు. సింగపూర్‌లో ఎవరో వదిలిన మొటోరోలు అక్కడి జలాశయంలో పిల్లలు పెట్టి స్థిరపడిపోయాయి. ఇది అరచేతంత ఉన్నప్పుడు కొంటారు. పెరిగితే ఒళ్లు అడుగున్నర, రెండడుగుల వెడల్పు. అప్పటికి దాన్ని ఎక్కడ ఉంచుతారో కొనేముందే ఆలోచించాలి. ఇంకో సంగతి: లియోపోల్డీతో సహా కొన్ని జాతులను 2022లో సైటిస్, అంటే వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం, రెండో అనుబంధంలో చేర్చారు. అలాంటివి మీ దగ్గర ఉంటే అటవీశాఖ దగ్గర నమోదు చేయించాలి. దుకాణదారు దగ్గర కాగితాలు అడగడానికి మొహమాటపడకండి.

(ప్రశ్న: క్వారంటైన్ నుంచి పెద్ద తొట్టెలోకి ఎప్పుడు మార్చాలి?)

తక్కువలో తక్కువ నాలుగు వారాలు. అది కూడా రోజూ తింటూ, శ్వాస లెక్క స్థిరంగా ఉండి, నడుము ఎముకల మీద కండ పట్టి, రెండు తొట్టెల్లోనూ అమ్మోనియా, నైట్రైటు సున్నా ఉంటేనే. ఆడ చేప కడుపుతో ఉందని అనుమానం ఉంటే కాన్పు అయ్యేదాకా కదపకండి. భయపడితే నెలలు నిండకుండానే పిల్లలను వదిలేస్తుంది. మార్చేటప్పుడు వల వాడకండి, ముల్లు అందులో చిక్కుకుంటుంది. చేప కంటే వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ టబ్బును నీటిలోనే దాని ముందు ఉంచి, మెల్లగా లోపలికి తోలి, నీటితో సహా ఎత్తండి. ఇద్దరు కావాలి. టబ్బు సంగతి ఆ రోజు చూసుకుందామనుకోకండి, ఇవాళ ఇంటికి వెళ్తూనే పూర్ణా మార్కెట్లో కొనేయండి.